అప్ప ఫోన్‌లో నేను

కొత్తవలస,
18 జూలై 2024.

అప్పా,

నువ్వూ గంగులు బావా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ కుమారీ బాగానే ఉన్నాం. వాన మొహం చూపించి వెళ్ళిపోతోంది. పెరట్లో పెట్టిన ఆనపపాదు మాత్రం గోడెక్కింది.

ఫోన్లుండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అడ్డు ప్రశ్నలు వేస్తావు, నాకు మాట తడబడుతుంది. కాగితం మీదైతే అనుకున్నది చివరిదాకా రాయగలను. ఇది రోజూ లెక్కలు రాసే చిట్టా పుస్తకంలోంచి చించిన కాగితం. ఎర్రగీతలు పట్టించుకోకు.

సంగతేమిటంటే, నీ ఫోన్‌లో పెట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌ను మొన్న ఆదివారం ఇక్కణ్ణుంచే తీసేశాను. ఒడ్డున వేలం జరిగేటప్పుడు నీ చేతులు ఉప్పునీళ్ళతో, చేపల జిగురుతో ఉంటాయి, ఫోన్ ఆ వేళ్ళను గుర్తించదు అని నువ్వు విసుక్కుంటే పెట్టాను. నీ ఫోన్ మెడలో ప్లాస్టిక్ సంచిలో వేలాడుతుంటే దాని తెర నా దుకాణంలో కంప్యూటర్ మీద కనబడేది. నేనిక్కడ మౌస్ నొక్కితే అక్కడ నువ్వు వేలితో నొక్కినట్టే. నువ్వు స్పీకర్‌లో ధర చెబితే నేను టెక్కలి, నరసన్నపేట బేరగాళ్ళకు నీ పేరు మీద టైపు చేసి పంపేవాణ్ణి. ఏడాదిగా బాగానే నడిచింది. ఇక వద్దనిపించింది. దుకాణంలోకి పదిమంది వచ్చిపోతుంటారు. ఒక ఆడమనిషి ఫోన్ అలా తెర మీద పరిచి ఉండడం మర్యాద కాదు.

దీంతోపాటు రబ్బరు మొన ఉన్న పెన్ను పంపుతున్నాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని దీంతో నొక్కు, పనిచేస్తుంది.

నా మేనకోడలు ఝాన్సీ ఎచ్చెర్ల కాలేజీ హాస్టల్ నుంచి ఫోన్ చేస్తోందా? ఊరికే అడిగాను.

ఇక ఉంటాను.
నీ తమ్ముడు,
నరసింగరావు


భావనపాడు,
26 జూలై.

ఒరే నరసింగా,

నీ ఉత్తరం అందినాది. పోస్టుమేను ఈదిలో నిలబడి, "గురమ్మప్పా, నీకు ఉత్తరమేటి, కోర్టు కాగితమేటి?" అని అరిసినాడు. సుట్టుపక్కలోలందరూ బయటికొచ్చీసినారు. నాను ఏడో తరగతి సదివి ఎన్నాళ్ళయ్యిందో నీకు తెలుసు గాదా. మాటాడినట్టే రాస్తన్నాను, తప్పులు దిద్దకు.

నువ్వు రాసింది నాకు సమజు కాలేదు. ఏడాదిపాటు లేని మర్యాద ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడ్డాదిరా? నా ఫోనులో ఏటున్నాది, దాసుకోడానికి? వంజరం ధర, కవళ్ళ ధర, అంతే గాదా నువ్వు సూసింది?

నాకు తెలుసులే, నీకు కోపమొచ్చినాది. మొన్న ఒడ్డుమీద ఫోను దానికదే టైపు కొట్టుకుంటంటే మన పక్క గంప దుర్గ సూసి, "ఓలమ్మో, గురమ్మప్ప ఫోనుకి పూనకమొచ్చినాది, హారతియ్యండే!" అని గోల సేసినాది. దానికి మీ బావ, "పూనకం కాదే, మా బావమరిది. నా పెళ్ళాం నా మాట వినదు గానీ దాని ఫోను మాత్రం తమ్ముడి మాట వింటాది" అన్నాడు. స్పీకర్లో ఆ మాట నీకు ఇనబడ్డాది, అందుకే తీసీసినావు. అవునా కాదా? మీ బావని బాగా కడిగీసినాను. "నీ నోటి దూల వల్ల నా యాపారం పోనాది" అన్నాను. రెండు రోజుల్నించి కూడు ఒండి మూత పెట్టీసి ఎల్లిపోతన్నాను, వడ్డించటం లేదు. ఆయనే గిన్నెలు ఎతుక్కుంటన్నాడు.

పెన్ను బాగున్నాది గానీ నెత్తళ్ళ గంపలో పడిపోనాది. ఎతికితే దొరకలేదు. ఏ టెక్కలోడి కూరలోనో తేల్తాది.

ఇంకో మాట. ఝాన్సీ సంగతి అడిగినావు. మంచి పని సేసినావు, నాకూ గుబులుగానే ఉన్నాది. ఈ నెల మొదట్నించి అది నాతో మాటాడ్డం లేదురా. నాను ఎప్పట్లాగే నోటితో మాటాడి పంపుతన్నాను, ఇంటన్నాది గానీ పలకదు. ఫోను సేస్తే ఎత్తదు. తరవాత "బాగున్నాను" అని ఒక్క ముక్క టైపు కొట్టి పంపుతాది. వేసంగి సెలవుల్లో మీ బావ దాన్ని, "సదివింది సాలు, పుస్తకాల్లో మగ్గిపోతన్నావు" అని ఎగతాళి సేసినాడు. అదే మనసులో ఎట్టుకున్నాదేమో.

నువ్వంటే దానికి గురి. ఒకపాలి ఎచ్చెర్ల ఎల్లి సూసిరా తమ్ముడూ. లేకపోతే ఆ సాఫ్ట్‌వేరు మల్లీ పెట్టి, నా ఫోనులో దాని మాటలేటైనా నాను సూడకుండా పోయినాయేమో ఎతుకు. నీకు తెలీనిదేటున్నాది అందులో.

నీ అప్ప,
గురమ్మ


కొత్తవలస,
1 ఆగస్టు.

అప్పా,

బావ మీద కోపం పెట్టుకోకు. ఆయన అన్నమాటకు నాకేమీ నొప్పి కలగలేదు. వడ్డించు.

సాఫ్ట్‌వేర్ మళ్ళీ పెట్టను. అందులో వెతికినా ఏమీ దొరకదు.

ఎచ్చెర్ల వెళ్ళి వస్తాను. ఈ వారం కుమారి పుట్టింటికి వెళ్ళింది, దుకాణం మూయడానికి వీలుపడలేదు. పైవారం తప్పకుండా వెళ్తాను. ఈలోగా నువ్వు దానికి మాటలు పంపడం మానకు. పలకకపోయినా పంపు.

పెన్ను ఇంకొకటి పంపుతున్నాను. దారం కట్టుకో.

నరసింగరావు


కొత్తవలస,
9 ఆగస్టు.

అప్పా,

నిలబడి చదవకు, కూర్చో. భయపడాల్సిందేమీ లేదు. ఝాన్సీ క్షేమంగా ఉంది. కానీ హాస్టల్లో లేదు.

నిన్న వెళ్ళాను. దాని గదిలో ఉండే రేఖ అనే అమ్మాయి బయటికి వచ్చి మాట్లాడింది. మొదట నన్ను అనుమానంగా చూసింది. నేను మేనమామనని చెప్పాక గేటు పక్కన నీడలో నిలబడి చెప్పింది. క్లాసులో చెప్పేది ఝాన్సీకి అర్థమయ్యేది కాదట. ఇంగ్లీషులో వేగంగా వెళ్ళిపోతుంటే వెనక బెంచీలో తల దించుకుని కూర్చునేదట. అడగడానికి సిగ్గు. జూలై మొదట్లో ఒకరోజు బాగా ఏడ్చి, ఆ తర్వాత వారానికి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిందట. పలాసలో జీడిపప్పు బట్టీలో పనికి కుదిరింది. రేఖ వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంటోంది, మంచి మనుషులట. చిరునామా కింద రాశాను.

నువ్వే వెళ్ళు అప్పా. నేను వెళ్ళడం బాగుండదు. దాన్ని కోప్పడకు. నువ్వు ఏం అడిగినా అడగకపోయినా, ముందు ఇంటికి రమ్మను. ఆ మాట నీ నోటితో చెప్పు.

బావను ఏమీ అనకు. దీంట్లో బావది ఏమీ లేదు.

నరసింగరావు


భావనపాడు,
17 ఆగస్టు.

నరసింగరావుకి,

పలాస ఎల్లినాను. బట్టీ గుమ్మంలో నిలబడితే ఆడోలందరూ వరసలో కూకోని జీడిపిక్కలు కొడతన్నారు. నా పిల్లని నాను గుర్తుపట్టలేకపోనాను. తలకి గుడ్డ కట్టుకున్నాది. సేతులు పిక్కల జీడితో నల్లగా, అరిసేతుల తోలు ఊడిపోయి ఉన్నాది. నన్ను సూసి లెగిసి నిలబడ్డాది. దగ్గిరికి రాలేదు. "ఎందుకొచ్చినావమ్మా? నా మొహం సూడనన్నావు గాదా" అన్నాది.

"నానెప్పుడన్నానే?" అన్నాను.

ఆ నల్లసేతుల్తోనే ఫోను తీసి సూపించినాది. పైన అది రాసింది ఉన్నాది. "అమ్మా, నాకు ఇక్కడి చదువు ఎక్కడం లేదు. సిగ్గుగా ఉంది. ఇంటికి వచ్చేస్తాను. నీతోపాటు ఒడ్డుకి వస్తాను, చేపలమ్ముతాను. నాన్నకి నువ్వే చెప్పు." దాని కింద నా పేరు మీద జవాబు ఉన్నాది. నీకు తెలుసు గాదా అదేటో. అయినా రాస్తన్నాను, నీ కళ్ళతో నువ్వు మల్లీ సదువు. "ఇంటికి రావద్దు. చదువు మానేసిన కూతురు నాకు అక్కర్లేదు. పూర్తి చేశాకే నీ మొహం నాకు చూపించు."

నాను ఎప్పుడైనా టైపు కొట్టినానా నరసింగా? నా ఏళ్ళకి ఆ ఫోను పలకదనే గాదా నువ్వు దాంట్లో దూరినావు. పిల్ల ఏటనుకున్నాదో తెలుసా? "అమ్మ ఎప్పుడూ నోటితో పలుకుతాది. ఈపాలి గొంతు కూడా ఇనిపించకూడదనుకుని ఎవల సేతో కొట్టించినాది. అంత అసయ్యం పుట్టించినానా?" అనుకున్నాదట. అందుకే ఫోనెత్తలేదు. నాను ఆ తరవాత పంపిన మాటలన్నీ ఊరోలు ఇనాలని పైపైకి పలుకుతన్నాననుకున్నాదట.

నా ఫోనులో ఎతికినాను. అది రాసింది లేదు, నువ్వు కొట్టింది లేదు. తుడిసీసినావు.

ఎచ్చెర్ల ఎల్లినావు. ఆ రేఖ నీకు సెప్పలేదేటి, "వాళ్ళమ్మ రావద్దన్నాది" అని? సెప్పే ఉంటాది. ఇని, ఇంటికొచ్చి, నాకు "కోప్పడకు" అని నీతులు రాసినావు. మీ బావని నాను మూడు వారాలు నానా మాటలన్నాను. ఆ మనిషి ఏటి సేసినాడో తెలీక, సేపల వేటనించి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏటే, ఇంకా కోపమేనా?" అనీవోడు. నువ్వు అసలు సంగతి సెప్పకుండా సూస్తా ఊరుకున్నావు.

నిన్ను తిట్టడానికి నాకు నోరు రావటం లేదు. తమ్ముడివి. అదే నాకు సిగ్గుగా ఉన్నాది.

గురమ్మ


కొత్తవలస,
21 ఆగస్టు.

అప్పా,

నువ్వు రాసినదంతా నిజం. రేఖ నాకు చెప్పింది. విన్నాను. నీకు రాయలేదు.

ఎలా జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను, క్షమించమని కాదు. ఆ పూట వేలం జోరుగా ఉంది. నువ్వు వంజరం ధర అరుస్తున్నావు. నేను నరసన్నపేట ఆయనకు టైపు చేస్తుంటే మధ్యలో ఝాన్సీ రాసింది తెర మీదికి వచ్చింది. నేను చదివాను. నువ్వు అటు బేరంలో ఉన్నావు. చేతికి ఫోన్ పలకదు, సాయంత్రం గానీ చూసుకోవు. సాయంత్రం చూసుకుంటే నువ్వు వెంటనే "రా తల్లీ" అంటావని నాకు తెలుసు. అది వచ్చేస్తుంది. అక్కడితో దాని చదువు అయిపోతుంది.

నేను బడి మానేసిన రోజున నన్ను ఎవరూ ఆపలేదు. చెడిపోయిన రేడియోలు, ఫోన్లు విప్పి విప్పి నేర్చుకున్నాను. ఇప్పటికీ కాలేజీ చదివిన కుర్రాళ్ళు దుకాణానికి వచ్చి ఏదైనా ఇంగ్లీషు మాట అంటే అర్థమైనట్టు తలాడిస్తాను, వాళ్ళు వెళ్ళాక వెతుక్కుంటాను. ఆనాడు ఎవరైనా నన్ను గట్టిగా గదమాయించి ఉంటే బాగుండేదని అనుకుంటూ ఉంటాను. ఆ గదమాయింపు ఝాన్సీకి వేశాను. నా నోటితో వేయడానికి ధైర్యం లేదు. మామయ్య చెబితే వింటుందో లేదో. అమ్మ చెబితే వింటుందని నీ పేరుతో వేశాను. పంపగానే నీ ఫోన్‌లో రెండూ తుడిచేశాను. దాని ఫోన్‌లో ఉండిపోతుందని తెలుసు. నువ్వు చూడవు కదా అనుకున్నాను.

తర్వాత రోజు నుంచి నీ ఫోన్ తెర చూస్తే చెయ్యి మౌస్ మీదికి వెళ్ళేది కాదు. అందుకే తీసేశాను. మర్యాద అని రాసింది అబద్ధం. బావ మాట వల్ల అని నువ్వు అనుకుంటే, కాదని పైపైన రాశానే గానీ అసలు కారణం చెప్పకుండా అలాగే అనుకోనిచ్చాను. నిజం ఒక్క ముక్క రాసి ఉంటే బావకు ఆ మూడు వారాలు తప్పేవి. రాయలేదు. ఎదురుగా వస్తే ఆయన కళ్ళలోకి చూడలేను.

నువ్వు కులపెద్దల ముందు పెట్టినా వస్తాను.

నరసింగరావు


భావనపాడు,
30 ఆగస్టు.

తమ్ముడూ,

పెద్దల ముందేటి పెడతాను? నా ఇంటి గుట్టు నానే ఒడ్డున పోసుకుంటానేటి?

ఝాన్సీ ఇంటికొచ్చినాది. మీ బావ దాని అరిసేతులకి రోజూ కొబ్బరినూనె రాస్తన్నాడు. ఆయనకి సంగతంతా సెప్పినాను. నూనె గిన్నె పక్కనెట్టి సేతులు తుడుసుకున్నాడు. తరవాత, "పోనీలే, నా పెళ్ళాం కూడు వడ్డించినాది, అదే పదేలు" అన్నాడు. ఆ మనిషి కోపం ఎక్కడ దాసుకుంటాడో నాకు తెలీదు. దాసుకోలేదని మాత్రం అనుకోకు. నీ పేరెత్తటం లేదు.

పిల్ల నాతో ఒడ్డుకొస్తన్నాది. గంప ఎత్తుతాది, తూకం సూస్తాది. మల్లీ సదువుకెల్తాదో లేదో నానడగలేదు. నీవల్ల నాకిప్పుడు "ఎల్లు" అనడానికీ బయమే, "ఉండు" అనడానికీ బయమే.

ఆ జవాబు నాది కాదని నమ్మినాది. అక్కడితో అయిపోనాది అనుకున్నాను. అవలేదు. మొన్న నెత్తళ్ళు ఎండబెడతా ఉన్నట్టుండి అడిగినాది. "అమ్మా, మావయ్య ఏడాదిపాటు నీ ఫోనులో ఉన్నాడు గాదా. మరి నాను నీకు రాసుకున్నవన్నీ ఆయన సదివినాడేటి?"

 ఆడపిల్ల తల్లికి ఏటేటి రాసుకుంటాదో నువ్వూ ఆడపిల్లల మధ్య పుట్టినోడివే, నాను సెప్పాలా? వొంట్లో బాగోలేనప్పుడు రాసినాది. హాస్టల్లో ఎవత్తో దాని బట్టలు సూసి నవ్విందని రాసినాది. ఇంకా ఉన్నాయి. "ఆయన బేరాలు సూస్తాడని తప్ప నాకేటి తెలుసే" అన్నాను. "మరి ఆ ఒక్కటి ఎలా సదివినాడు?" అన్నాది.  అప్పట్నించి నన్ను కూడా దూరం దూరంగా సూస్తన్నాది. "నీ ఫోనులో ఇంకొకలున్నారని నాకెందుకు సెప్పలేదు?" అంటాది. నాను సెప్పాలని నాకే తట్టలేదురా. ఆ తెర మీద అన్నీ కనబడతాయని నాకు తెలీదు. ధరలే కనబడతాయనుకున్నాను.

నీ నోటితోనే ఇంటానంటన్నాది. కాగితం మీద రాస్తే సాలంటాది.

తమ్ముడూ, నీ కాళ్ళట్టుకుంటాను. "ఆ ఒక్కటే సదివినాను, మిగిలినవి కంటపడలేదు" అని రాసీ. పిల్ల ఊపిరి పీల్చుకుంటాది. రేపు ఏ పెళ్ళిలోనో, సావులోనో నీ ఎదురుగా తలెత్తి నిలబడగలుగుతాది. ఇంత అబద్దం ఆడినోడివి, దాని మేలుకి ఇంకొక్కటి ఆడలేవా?

నీ అప్ప


కొత్తవలస,
4 సెప్టెంబర్.

అప్పా,

కవరు లోపల అంటించిన ఇంకో కవరు ఉంది. అది ఝాన్సీది. నువ్వు విప్పకుండా దాని చేతికి ఇవ్వు.

నువ్వు రాయమన్నది రాయలేదు. రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. తేలిగ్గానే వస్తుంది. అలా తేలిగ్గా వచ్చినందుకే ఆపేశాను. ఒకసారి దాని మేలు నాకే తెలుసనుకుని నీ పేరుతో అబద్ధం రాశాను. ఇప్పుడూ దాని మేలు కోసమే అంటున్నావు. నన్ను తిట్టుకో.

నరసింగరావు


ఝాన్సీకి,

నువ్వు అడిగిన దానికి జవాబు. చదివాను.

ఆ ఒక్కటే కాదు. మొదట్లో బేరాల వరకే చూసేవాణ్ణి. మధ్యలో నువ్వు రాసినవి పైకి వచ్చేవి. మొదటిసారి తల తిప్పుకున్నాను. తర్వాత తిప్పుకోలేదు. నువ్వు ఎలా ఉన్నావో తెలుస్తుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మీ అమ్మకు రాసుకున్నవి మీ అమ్మకే అని తెలిసే చదివాను. నీకు ఒంట్లో బాగోలేదని రాసిన వాటిని కూడా. ఏవేవి చదివానో ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ చదివినట్టే అవుతుంది.

నీ రాతలను ఎవరికీ చూపించలేదు, కుమారి అత్తకు కూడా చెప్పలేదు. దీన్ని నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. ఇది నిజం కాబట్టి రాశాను, అంతే.

మీ అమ్మ మాట నమ్ము. నాకు అన్నీ కనబడతాయని ఆమెకు తెలియదు. సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజున, "దీంట్లో నీకేటేటి కనబడతాదిరా?" అని అడిగింది. "ధరలు" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఆమె నుంచి నువ్వు దూరం జరగాల్సిన పని లేదు. జరగాల్సింది నా నుంచి.

నీకు ఇంటికి రావద్దని రాసింది నేను. చదువు మానేస్తే అక్కర్లేదని రాసింది నేను. చదువు సంగతి నువ్వేం చేసుకున్నా నేను ఒక్క మాట కూడా అనను. మంచిదని కూడా అనను.

మీ ఇంటికి గానీ, నువ్వుండే చోటికి గానీ నేను రాను. పెళ్ళికో చావుకో ఒకేచోట ఉండవలసి వస్తే, నన్ను చూసి నువ్వు తల దించుకోవాల్సిన అవసరం లేదు. నేనే బయట నిలబడతాను.

ఈ ఉత్తరానికి జవాబు రాయనక్కర్లేదు. రాసినా, రాయకపోయినా, నీ ఇష్టమే.

మీ అమ్మ తమ్ముడు,
నరసింగరావు